అడిగితే చెప్పే వీధి

గిర్గా,
2001 జులై 12

అన్నయ్య షాజ్లీకి,

సలాములు, బెంగలు అయ్యాయనుకో. అసలు సంగతికి వస్తాను. నాకు కైరోకు బదిలీ అయింది. సెప్టెంబరు ఒకటికల్లా అక్కడి ఆఫీసులో చేరాలి. నేనే అడిగి వేయించుకున్నాను, ఎవరూ తరమలేదు. తరమలేదు అంటే, పద్ధతిగా తరమలేదు. కోర్టులో నాకు రావాల్సిన మెహర్ సొమ్ము వదులుకుని అబుల్ వఫా నుంచి విడాకులు తెచ్చుకుని పది నెలలైంది. ఈ వీధిలో అలా తెచ్చుకున్న మొదటి ఆడదాన్ని నేనే. రొట్టెల పొయ్యి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు మాట ఆపేస్తారు. నేను వెళ్ళిపోయాక మళ్ళీ మొదలుపెడతారు. కోర్టుకు నువ్వు రాలేదు, ఆ సంగతి మళ్ళీ ఎత్తను.

నా కోసమైతే ఇక్కడే చచ్చేదాకా పడి ఉండేదాన్ని. నిస్మాకు ఇరవై ఒకటి వచ్చాయి. ఈ ఏడాది ఒక్కరంటే ఒక్కరు దాన్ని అడగడానికి మా గడప తొక్కలేదు. మొగుణ్ణి వదిలేసిన దాని కూతురట.

ఇల్లు చూసిపెట్టు. రెండు గదులు, నేల అంతస్తు వద్దు. ఏ పేటలో తీసుకోవాలో నాకేం తెలుసు? కైరో పటం పరిచి చూశాను, ఎటు చూసినా అంతు లేదు. నువ్వు ముప్ఫై ఏళ్ళుగా ఉన్నవాడివి.

దవ్లత్ వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు,
ఇన్షిరాహ్

ఇంబాబా,
2001 జులై 25

చెల్లెమ్మా,

నీ ఉత్తరం దవ్లత్ చదివి వినిపించింది, నేను ఇస్త్రీ చేస్తూ విన్నాను. సంతోషంతో ఒక ప్యాంటుకు రెండు మడతలు పడ్డాయి. దాని యజమాని బ్యాంకు గుమాస్తా, వాడికి అలవాటే.

ఇల్లు దొరికింది. మా కొట్టుకు ఎదురుగా, మూడో అంతస్తు, రెండు గదులు, బాల్కనీ. బాల్కనీలోంచి నువ్వు కేకేస్తే నేను పలుకుతాను. ఇదే వీధిలో మన గిర్గా వాళ్ళు పదకొండు ఇళ్ళున్నారు. ఇంకేం కావాలి?

ఇల్లంటే గదులు లెక్కపెట్టి తీసుకునేది కాదు ఇన్షిరాహ్. వీధి మూల మీద ఎవరున్నారో చూసి తీసుకోవాలి. ఈ ఊళ్ళో పిల్లను అడగడానికి ముందు ఏం చేస్తారో నీకు తెలియదు. పిల్లాడి మేనమామో బాబాయో ఇస్త్రీ అక్కర్లేని పొడుగు అంగీ, గలబియ్యా ఒకటి చంకలో పెట్టుకుని నా దగ్గరికి వస్తాడు. టీ తాగుతాడు. వాతావరణం గురించి మాట్లాడతాడు. ఆ తర్వాత మెల్లిగా, ఫలానా ఇంటివాళ్ళు ఎలాంటివాళ్ళని అడుగుతాడు. కోటిమంది ఉన్న ఊళ్ళో మనిషిని ఎరగాలంటే ఇంకో దారి లేదు. ఇస్త్రీ వాణ్ణి అడగాలి, కిరాణా వాణ్ణి అడగాలి. ఎవరి చొక్కా ఎంత మురికవుతుందో నాకు తెలుసు, ఎవరింట్లో గొడవైతే ఎన్ని గుండీలు ఊడతాయో తెలుసు. అయినా ముప్ఫై ఏళ్ళలో ఒక పిల్ల గురించి చెడు మాట చెప్పలేదు. మంచి చెప్పలేకపోతే, నన్ను అడక్కండి అంటాను. వాళ్ళకు అర్థమవుతుంది. టీ ముగించి వెళ్ళిపోతారు.

నువ్వు నా ఎదుట ఉంటే నిస్మా గురించి అడిగేవాళ్ళకు వీధి వీధంతా చెబుతుంది. బయానా ఇవ్వనా?

షాజ్లీ

గిర్గా,
2001 ఆగస్టు 6

అన్నయ్యా,

బయానా ఇవ్వకు.

మీ వీధి ఇరుకు. మైక్రోబస్సుల మోత, పక్కన కాలువ వాసన. నిస్మాకు ఆయాసం ఉంది, నీకు తెలుసు. మా ఆఫీసు కూడా ఊరికి ఆ చివర. ఇక్కడ నాతో పనిచేసే ఆవిడ బంధువు మదీనత్ నస్ర్‌లో, పదో బస్తీలో, ఒక ఇల్లు చెప్పింది. ఎత్తైన భవనం, ఐదో అంతస్తు, లిఫ్టు అప్పుడప్పుడు పనిచేస్తుందట. అదే ఖాయం చేశాను.

వీధి వీధంతా చెబుతుందన్నావు. వీధులు చెప్పడం నేను చాలా విన్నాను, నాకు సరిపోయింది.

వదినకు సలాములు.

ఇన్షిరాహ్

ఇంబాబా,
2001 ఆగస్టు 20

ఇన్షిరాహ్‌కు,

కాలువ పూడ్చి పదేళ్ళయింది. దాని మీద ఇప్పుడు రోడ్డుంది, బంగాళాదుంపలు అమ్ముతారు. నువ్వు చివరిసారి వచ్చినప్పుడు అక్కడే నాలుగు కిలోలు కొన్నావు.

సరే, కారణాలు అక్కర్లేదు. ఆఫీసులో కుర్చీ మీద కూర్చునేదానికి, ఎదురుగా అన్న నోటితో నీళ్ళు చిమ్ముతూ ఇస్త్రీ చేస్తుంటే చూడటం కష్టమే. నేనూ మనిషినే, అర్థం చేసుకోగలను. దవ్లత్ మాత్రం ఆ ఇంటికి పరదాలు కొలిచి వచ్చింది. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆవిడే.

ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. ఆ పదో బస్తీలో కావలివాడు మూడు నెలలకొకసారి మారతాడు. ఎదురింటివాడి పేరు ఎదురింటివాడికి తెలియదు. రేపు నిస్మా కోసం ఎవరైనా వస్తే నీ గురించి ఎవర్ని అడుగుతారు, లిఫ్టునా?

అబుల్ వఫా మొన్న ఉల్లిపాయల బేరానికి కైరో వచ్చి కొట్టు దగ్గర ఆగాడు. పిల్ల ఎలా ఉందని అడిగాడు. నీకు చెప్పమన్నాడు, చెప్పాను.

షాజ్లీ

మదీనత్ నస్ర్,
2001 నవంబరు 3

అన్నయ్యా,

వచ్చి రెండు నెలలైంది. రాయనందుకు తిట్టుకుని ఉంటావు. నువ్వు రాసిన చివరి ముక్క చదివాక చెయ్యి రాలేదు. నా పక్కటెముక విరిచినవాడు నీ కొట్టు ముందు కుర్చీ వేసుకుని నా కూతురి క్షేమం అడిగాడు. నువ్వు చెప్పావు. టీ కూడా ఇచ్చే ఉంటావు.

ఇప్పుడైనా అర్థం చేసుకో. నీ ఇస్త్రీ నాకు సిగ్గా? ఆ ఇస్త్రీ డబ్బుతోనే నేను చదువుకున్నాను. నేను పారిపోయింది నీ నుంచి కాదు, నీ వీధిలో ఉన్న పదకొండు ఇళ్ళ నుంచి. వాళ్ళు గిర్గాను మూటగట్టి ఇంబాబాకు తెచ్చుకున్నారు. పొయ్యి దగ్గర మాటలు ఆపేసే ఆడవాళ్ళ అక్కచెల్లెళ్ళే కదా వాళ్ళంతా.

ఇక్కడ నన్ను ఎవరూ ఎరగరు. ఎంత హాయో నీకు చెప్పలేను. మొదటి వారం నేను ఊరికే మెట్లు దిగి, వీధి చివరిదాకా నడిచి, తిరిగి వచ్చేదాన్ని, ఎవరూ తల తిప్పి చూడరని రుజువు చేసుకోవడానికి. కావలివాడి పెళ్ళాం ఉమ్ సయీద్, మీ ఆయన ఏరని అడిగింది. దేవుడు తీసుకెళ్ళాడన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. ఆవిడ అయ్యో అని నా భుజం నిమిరి, మర్నాడు ఒక గిన్నెడు మొలోఖియా ఆకుకూర తెచ్చి ఇచ్చింది. గిర్గాలో ఏడాదిగా నాకెవరూ గిన్నెడు నీళ్ళివ్వలేదు.

ఇన్షిరాహ్

ఇంబాబా,
2001 డిసెంబరు 9

విధవ ఇన్షిరాహ్‌కు,

స్వర్గస్థుడైన నీ భర్త శుక్రవారం కొట్టుకు వచ్చాడు. టీలో మూడు చెంచాల చక్కెర వేసుకున్నాడు. చనిపోయినవాడికి ఆరోగ్యం బాగానే ఉంది.

టీ ఇచ్చాను, అవును. వీధిలోకి వచ్చినవాడికి టీ ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని పదకొండు ఇళ్ళూ అడుగుతాయి. ఎందుకివ్వలేదో చెప్పాల్సి వస్తుంది. నీ పక్కటెముక సంగతి వీధికి చెప్పనా? నువ్వే వద్దన్నావు కదా.

ఇప్పుడు నా సంగతి. మొన్న సోమవారం కొట్టు మూసి, దవ్లత్ చేసిన నేతి రొట్టెలు పట్టుకుని, రెండు మైక్రోబస్సులు మారి, గంటన్నరకు మీ భవనం చేరాను. కావలివాడి పెళ్ళాం ఎవరు నువ్వని అడిగింది. నేను నోరు తెరిచేలోపు నువ్వు మెట్ల మీద నుంచి దిగావు. నా గలబియ్యా చూశావు, ఆవిణ్ణి చూశావు. "ఇస్త్రీ అతను, నేనే రమ్మన్నాను" అన్నావు. పైకి తీసుకెళ్ళి, చేతిలో ఒక మూట పెట్టి, తలుపు దగ్గర నా చెయ్యి నొక్కావు. నీ కళ్ళలో నీళ్ళు చూశాను, చూడలేదనను. కానీ మూట తీసుకుని కిందికి దిగాను ఇన్షిరాహ్. ఆవిడ నన్ను చొక్కాకు ఎంత తీసుకుంటావని అడిగింది.

బట్టలు ఇస్త్రీ చేశాను. నిస్మా తెల్ల జాకెట్టు కాలరు పిగిలింది, దవ్లత్ కుట్టింది. ఈ ఉత్తరం తెచ్చే పక్కింటి అబ్దు చేతికే మూట ఇచ్చాను. డబ్బు ఇవ్వబోకు.

షాజ్లీ

మదీనత్ నస్ర్,
2002 ఫిబ్రవరి 14

అన్నయ్యా,

నీ ఉత్తరం పరుపు కింద పెట్టుకుని రెండు నెలలు పడుకున్నాను. క్షమించమని ఎలా అడగాలో తెలియలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. భయం వేసింది, అంతే. ఇరవై ఏళ్ళు భయపడి బతికినదానికి నోటి ముందుకు అబద్ధమే వస్తుంది.

నిస్మాకు సంబంధం వచ్చింది. పేరు హాజిమ్, కళ్ళజోళ్ళ కొట్టులో పనిచేస్తాడు. నిస్మా అద్దాలు మార్పించుకోవడానికి వెళ్ళింది, ఆ అద్దాలు నాలుగుసార్లు సరిచేయించుకుంది. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. వాళ్ళమ్మ నవాల్ గారు మెత్తని మనిషి. తండ్రి లేడు, పెద్దరికమంతా మేనమామ హాజీ మిత్వల్లీది. వాళ్ళు వచ్చి టీ తాగి వెళ్ళారు. నిస్మా ముఖం నువ్వు చూడాల్సింది. ఈ పిల్ల నవ్వగలదని నేను మరిచిపోయాను.

తండ్రి పోయాడని చెప్పాను. నా అన్న కువైట్‌లో ఉన్నాడని, నిఖా సమయానికి వస్తాడని చెప్పాను. తిట్టు, ఎంతైనా తిట్టు. నీ చిరునామా చెబితే వాళ్ళు ఆ వీధికి వస్తారు, పదకొండు ఇళ్ళు ఒక పూటలో అంతా పోసేస్తాయి. మూడు నెలలు ఓపిక పట్టు. పిల్ల మీద వాళ్ళకు ప్రేమ కుదిరాక నేనే నా నోటితో అంతా చెబుతాను.

అప్పటిదాకా నేను నీకు ఎవరినీ కాను. ఎవరడిగినా సరే. అమ్మ గోరీ మీద ఒట్టు వేసి రాయి.

ఇన్షిరాహ్

ఇంబాబా,
2002 ఫిబ్రవరి 27

చెల్లెమ్మా,

అమ్మ గోరీ మీద ఒట్టు. నువ్వు చెప్పమనేదాకా నువ్వు నా చెల్లెలివని ఎవరికీ చెప్పను. ఇది దవ్లత్ చేత రాయించడం లేదు, నేనే కూడబలుక్కుని రాశాను. అక్షరాలు చూస్తే నీకే తెలుస్తుంది.

నాకు ఇది నచ్చలేదు. నిఖా నాడు ఏం చేస్తావు? చచ్చినవాడు నడిచి వచ్చి పిల్ల తండ్రిగా సంతకం పెడతాడా? ఇప్పుడే హాజీని కూర్చోబెట్టి ఉన్నది చెప్పెయ్. ఒప్పుకుంటే ఒప్పుకుంటాడు. కొట్టించుకోవడంలో నీ తప్పేముంది?

కానీ పిల్ల నవ్వుతోందని రాశావు. అది చదివాక నేను మళ్ళీ ఏమీ అనను. కువైట్‌లో ఎండ బాగా ఉంది, నేను కులాసా.

షాజ్లీ

మదీనత్ నస్ర్,
2002 ఏప్రిల్ 20

షాజ్లీకి,

నవాల్ గారు మాట అనుకున్నప్పుడు ఇచ్చిన ఉంగరం పెట్టె వెనక్కి తీసుకుని ఇప్పుడే వెళ్ళారు. ఆవిడ ఏడ్చింది. నిస్మా ఏడవలేదు.

హాజీ మిత్వల్లీ మా భవనంలో అడిగాడట. కావలివాడు కొత్తవాడు, ఏమీ తెలియదన్నాడు. ఉమ్ సయీద్‌ను వాడు రాకముందే పంపేశారు. ఎదురింటివాళ్ళు మా పేర్లు కూడా ఎరగమన్నారట. నువ్వన్నట్టే అయింది, సంతోషించు. అప్పుడాయన, గిర్గా మనుషులు ఇంబాబాలో ఫలానా వీధిలో ఉంటారని ఎవరో చెబితే అక్కడికి వెళ్ళాడట. మూల మీద ఇస్త్రీ కొట్టులో ఒక పెద్దమనిషిని అడిగాడట. ఆయన తల వంచుకుని, "ఆ మాట నన్ను అడక్కండి" అన్నాడట.

నవాల్ గారు నాతో ఏమందో తెలుసా? "వాళ్ళూ వీళ్ళూ ఏమన్నా మా అన్నయ్య నమ్మేవాడు కాదమ్మా. ఆ ఇస్త్రీ ఆయన ముఖం చూస్తే అబద్ధం ఆడే మనిషిలా లేడన్నాడు."

ముప్ఫై ఏళ్ళు ఊరి పిల్లలందరికీ మంచి మాట చెప్పావు. నా పిల్ల వంతు వచ్చేసరికి నీ దగ్గర మాట అయిపోయింది. మూట కసి తీర్చుకున్నావా?

ఇన్షిరాహ్

ఇంబాబా,
2002 ఏప్రిల్ 26

ఇన్షిరాహ్,

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఇది కూడా నేనే రాస్తున్నాను.

పోయిన వారం, బుధవారం మధ్యాహ్నం హాజీ వచ్చాడు. చంకలో గలబియ్యా, బూడిద రంగుది, మడత నలగలేదు. చూడగానే అనుకున్నాను, ఎవరి పిల్ల కోసమో వచ్చాడని. టీ తెప్పించాను. గిర్గా ఇన్షిరాహ్‌ను ఎరుగుదువా, ఆఫీసులో పని, మదీనత్ నస్ర్‌లో ఉంటుంది అన్నాడు. నా చేతిలో ఇస్త్రీ పెట్టె ఆయన గలబియ్యా మీదే ఉంది.

ఎరుగుదును అన్నాను. ఆవిడ లాంటి ఆడది గిర్గాలో లేదన్నాను. పిల్ల బంగారం, మీ ఇంటికి వెలుగు వస్తుందన్నాను. చెప్పాను ఇన్షిరాహ్, ఇవన్నీ చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. లేవబోతూ, ఊరికే, మర్యాద కోసం అడిగాడు. "పాపం ఆ పిల్ల తండ్రి ఎలా పోయాడు, దేవుడు ఆయన్ను కరుణించాలి" అన్నాడు. నన్నూ ఆమీన్ అనమని చూశాడు.

బతికున్నవాడికి ఆమీన్ అనలేకపోయాను. పోలేదని చెబితే నువ్వు అబద్ధాలకోరువి. నీకెలా తెలుసని ఆయన అడిగితే, నేను ఆమె అన్నను అని చెప్పాలి, అమ్మ గోరీ మీద ఒట్టు ఉంది. ఎటు తిరిగినా గోడే. పెట్టె అలాగే ఉండిపోయింది, గలబియ్యా మాడింది. ఆయన మాడిన చోటు చూసి నా ముఖం చూశాడు. అప్పుడు ఆ మాట వచ్చింది. వస్తుండగానే దాని అర్థం నాకు తెలుసు. నాకంటే బాగా ఎవరికి తెలుసు?

కసి అన్నావు. ఒట్టు వేసి చెప్పమంటే ఇంతవరకే చెప్పగలను. ఆ క్షణంలో, నన్ను కువైట్ పంపేసిన సంగతి గుర్తొచ్చింది. ఒక్క క్షణం. దాని వల్లే నోరు పడిపోయిందో, ఒట్టు వల్ల పడిపోయిందో నాకే తెలియదు. తెలియనిది తెలుసని రాయలేను.

మాడిన గలబియ్యా నా దగ్గరే ఉంది. ఆయన తీసుకోలేదు. నువ్వు ఊఁ అను, రేపే దాన్ని పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళి, నేను ఆ పిల్లకు మేనమామను అని గడప మీద కూర్చుంటాను.

షాజ్లీ

2002 మే 30

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చేసరికి హాజిమ్‌కు వేరే చోట మాట అయిపోయింది. వాళ్ళ వీధిలో పిల్లే. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన ఇల్లు. ఇంక ఎవరి గడప మీదా కూర్చోకు.

నువ్వు కసితో అనలేదని నమ్ముతున్నాను. కోపం ఉందని రాశావు చూడు, అందుకే నమ్ముతున్నాను. కానీ నమ్మాక నాకు ఇంకా మంట పెరిగింది. నేను అందరి దగ్గరా అబద్ధమాడాను. కావలివాడి పెళ్ళాం దగ్గర, నవాల్ గారి దగ్గర, దేవుడి దగ్గర. పిల్ల కోసం నేను బతికున్నవాణ్ణి చంపాను. నువ్వు ఒక్క ఒట్టు తప్పలేకపోయావు. ఆమె నా చెల్లెలు, ఆమె మొగుడు ఆమెను కొట్టేవాడు అంటే సరిపోయేది. నేను వద్దన్నానా? అన్నాను. నేను వద్దన్నది నువ్వు ఎందుకు విన్నావు? కోర్టుకు రమ్మన్నప్పుడు వినలేదు కదా.

భవనమంతటికీ తెలిసింది, విధవకు మొగుడున్నాడని. లిఫ్టులో ఎక్కితే లోపలివాళ్ళు మాట ఆపేస్తారు. పేరు కూడా ఎరగనివాళ్ళకు ఇంత తొందరగా ఎలా తెలుస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నిస్మా నాతో మాట్లాడుతుంది, అవసరానికి. నిన్న ఒక్కటే అడిగింది: "నాన్న చచ్చిపోయాడని చెప్పేముందు నన్నెందుకు అడగలేదమ్మా?"

ఇల్లు మారుతున్నాం. ఈసారి పేట నేను వెతకలేదు, నిస్మానే వెతికింది. ఏ పేటో, ఏ వీధో నీకు రాయడం లేదు. ఆఫీసు కూడా మార్పించుకున్నాను, అక్కడికి వచ్చి అడగకు. వదిన కుట్టిన జాకెట్టు నిస్మా వేసుకుంటోంది, ఆవిడకు చెప్పు.

ఇక మీదట ఎవరైనా గలబియ్యా పట్టుకుని వచ్చి, గిర్గా ఇన్షిరాహ్ ఎక్కడుంటుందో తెలుసా అని అడిగితే, తెలియదని చెప్పు. అమ్మ గోరీ మీద ఒట్టు వేసి మరీ చెప్పు. నువ్వు చెప్పేది నిజమే అవుతుంది.

ఇన్షిరాహ్